బాలల గురువు కొమేనియస్

బాల్యంలో తనకు దక్కని భాగ్యాన్ని లోకంలోని పిల్లలందరికీ దక్కించాలని జీవితాంతం తపించినవారు చరిత్రలో అరుదుగా కనిపిస్తారు. అటువంటివారిలో యాన్ ఆమోస్ కొమెన్‌స్కీ అగ్రగణ్యుడు. లోకం ఆయనను కొమేనియస్ అనే లాటిన్ పేరుతో ఎరుగుతుంది. యుద్ధాగ్ని ఇంటిని దహించినా, మహమ్మారి భార్యాబిడ్డలను కబళించినా, స్వదేశం తలుపులు శాశ్వతంగా మూసుకుపోయినా, పసివారికి చదువును ప్రీతిపాత్రం చేయాలన్న సంకల్పాన్ని ఆయన విడిచిపెట్టలేదు. బెత్తపు దెబ్బలకూ కన్నీళ్ళకూ మారుపేరైన లాటిన్ పాఠాన్ని మాతృభాషతో, బొమ్మలతో, నాటకాలతో మేళవించి ఆనందదాయకం చేసిన ఘనత ఆయనది.

పదిహేడవ శతాబ్ది నాటి ఐరోపాలో లాటిన్ భాషకున్న స్థానం, మన దేశంలో ఒకప్పుడు సంస్కృతానికున్న స్థానం వంటిది. అది ఏ ఇంటిలోనూ తల్లి బిడ్డను లాలించే భాష కాదు. అయినా విశ్వవిద్యాలయాలలో బోధన ఆ భాషలోనే జరిగేది. వైద్యం, ధర్మశాస్త్రం, ఖగోళశాస్త్రం, తత్త్వశాస్త్రం ఆ భాషలోనే గ్రంథస్థమయ్యేవి. ప్రాచీన గ్రీకు, రోమన్ నాగరికతలు కూడబెట్టిన విజ్ఞాన భాండారానికి తాళంచెవి ఆ భాషే. లాటిన్ రానివానికి ఉన్నతవిద్య అందని మాను పండు.

ఇంతటి అవసరమైన భాషను బోధించే పద్ధతి మాత్రం మిక్కిలి కఠోరంగా ఉండేది. బాలుడు బడిలో చేరగానే వ్యాకరణ సూత్రాలను వల్లె వేయవలసి వచ్చేది. ఆ సూత్రాలు సైతం లాటిన్‌లోనే ఉండేవి. రాని భాషను రాని భాషలోనే నేర్వమనడం, ఈత తెలియని పసివాణ్ణి నడి ఏటిలో దింపి ఈత సూత్రాలు అప్పజెప్పమనడం వంటిదే. పదం నోటికి వచ్చేది గాని దాని వెనుకనున్న వస్తువు కంటికి కనిపించేది కాదు. వల్లె తప్పితే బెత్తం లేచేది. ఏళ్ళ తరబడి చదివినా చాలామంది పిల్లలు ఆ భాషలో నాలుగు వాక్యాలు సొంతంగా కూర్చలేకపోయేవారు. అటువంటి బడులలో నలిగిన బాల్యాన్ని స్వయంగా చూసినవాడు కొమేనియస్.

ఆయన 1592 మార్చి 28న మొరావియా ప్రాంతపు ఆగ్నేయభాగంలో జన్మించాడు. ఆ ప్రాంతం నేడు చెక్ రిపబ్లిక్‌లో ఉంది. తండ్రి మార్టిన్, తల్లి అన్నా. వారిది సోదర సంఘమనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. నిరాడంబర జీవనానికీ, విద్యకూ ఆ సంఘం పెట్టింది పేరు. బాలునికి పన్నెండేళ్ళ ప్రాయం వచ్చేసరికి తల్లిదండ్రులు ఇద్దరూ, వారితోపాటు ఇద్దరు తోబుట్టువులూ కన్నుమూశారు. అనాథయైన బాలుడు మేనత్త పంచన చేరాడు. 1605లో సైనికుల దాడిలో ఆమె నివసించే పట్టణం ధ్వంసమైంది. ఆ నీడ కూడా చెదిరిపోయింది. చదువు ఆగిపోయింది.

1608లో సోదర సంఘం వారు ఆయనను ప్షెరోవ్ పట్టణంలోని లాటిన్ పాఠశాలలో చేర్పించారు. అప్పటికి ఆయనకు పదహారేళ్ళు. సాటి పిల్లలు ఆరేడేళ్ళకే ప్రారంభించే పాఠాన్ని ఆయన మీసకట్టు మొలిచే వయసులో మొదలుపెట్టాడు. ఈ ఆలస్యం ఒక విధంగా లోకానికి మేలే చేసింది. పసితనంలో చేరినవారికి ఆ బాధ అలవాటైపోతుంది. ఎదిగిన బుద్ధితో చేరిన ఈ యువకునికి మాత్రం బోధనలోని లోపాలు ఒక్కొక్కటే స్పష్టంగా కనిపించాయి. బుద్ధిని వికసింపజేయవలసిన చోట బుద్ధి చిత్రహింసకు గురవుతున్నదని ఆయన గ్రహించాడు. యౌవన వసంతమంతా వ్యర్థమైన వేలాదిమందిలో తానూ ఒకడినని అనంతరకాలంలో వేదనతో రాసుకున్నాడు. పోయిన తన కాలాన్ని తిరిగి తెచ్చుకోలేడు. రాబోయే తరాల కాలాన్నైనా కాపాడాలన్న పట్టుదల ఆనాడే ఆయన హృదయంలో నాటుకొన్నది.

ఆయన ప్రతిభను గుర్తించిన పెద్దలు 1611లో ఆయనను జర్మన్ భూభాగంలోని హెర్బోర్న్ విద్యాపీఠానికి పంపించారు. సకల శాస్త్రాలను ఒకే క్రమంలో కూర్చాలని కృషి చేస్తున్న ఆల్‌స్టెడ్ అక్కడ ఆయనకు గురువు. అక్కడ ఉండగానే కొమేనియస్ తన మాతృభాషయైన చెక్ భాషకు ఒక బృహన్నిఘంటువును కూర్చడం ప్రారంభించాడు. 1613లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. మరుసటి సంవత్సరం కోపర్నికస్ తన ఖగోళ గ్రంథాన్ని స్వహస్తాలతో రాసుకున్న ప్రతిని అక్కడ కొనుగోలు చేశాడు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్న సిద్ధాంతాన్ని ఆయన అంగీకరించలేదు. అయినా ఆ ప్రతి విలువను గుర్తించాడు. నేడది పోలండ్‌లోని క్రాకోవ్ నగరంలో భద్రంగా ఉంది. అదే సంవత్సరం ఆయన స్వదేశానికి కాలినడకన తిరిగివచ్చాడు.

తాను చదివిన ప్షెరోవ్ పాఠశాలలోనే కొమేనియస్ ఉపాధ్యాయుడైనాడు. విద్యార్థుల బాధ ఎరిగినవాడు కనుక, వారికోసం సులభమైన సూత్రాలతో ఒక చిన్న లాటిన్ వ్యాకరణం రాశాడు. ఆ పుస్తకం నేడు లభ్యం కాదు గాని, ఆయన జీవితకాల కృషికి అది తొలి అడుగు. 1616లో మతాచార్యుడైనాడు. 1618లో మాగ్డలేనాను వివాహమాడి, ఫుల్నెక్ పట్టణంలో ప్రార్థనాలయానికీ పాఠశాలకూ బాధ్యత వహించాడు. కొత్త సంసారం, ఇష్టమైన వృత్తి, తన చుట్టూ చేరే పిల్లలు – ఆయన జీవితంలో అవి నిశ్చింతగా గడిచిన కొద్ది సంవత్సరాలు.

ఆ సంవత్సరమే ఐరోపాలో ముప్పై ఏళ్ళ యుద్ధం రగుల్కొన్నది. మతభేదాలు, రాజ్యకాంక్ష కలిసి ఆ యుద్ధానికి ఆజ్యం పోశాయి. 1620 నవంబరు 8న ప్రేగ్ నగరం చెంత జరిగిన శ్వేతగిరి యుద్ధంలో చెక్ ప్రజల పక్షం ఓడిపోయింది. విజేతలు కాథలిక్ చక్రవర్తి పక్షంవారు. మరుసటి ఏడు వారి సైనికులు ఫుల్నెక్‌ను కొల్లగొట్టారు. సోదర సంఘపు ఆచార్యులకు ప్రాణభయం ఏర్పడింది. భార్యాబిడ్డలను బంధువుల వద్ద విడిచి కొమేనియస్ అజ్ఞాతంలోకి వెళ్ళాడు. 1622లో ప్లేగు మహమ్మారి ఆయన భార్యనూ, ఇద్దరు పసిబిడ్డలనూ బలితీసుకుంది. కడచూపుకైనా ఆయన నోచుకోలేదు. మరుసటి సంవత్సరం ఫుల్నెక్‌లో మిగిలిన ఆయన గ్రంథాలను సైతం నిప్పులపాలు చేశారు. ముప్పై ఏళ్ళ వయసుకే ఇల్లు, ఇల్లాలు, బిడ్డలు, పుస్తకాలు – అన్నీ పోగొట్టుకుని ఆయన ఏకాకిగా మిగిలాడు.

ఒక దాత ఎస్టేటులో తలదాచుకొంటూ కొమేనియస్ రచనలో ఊరట వెదుక్కున్నాడు. 1624లో డొరోతాను వివాహమాడాడు. 1627లో ఒక కోట గ్రంథాలయంలో జర్మన్ భాషలో రచించిన బోధనాశాస్త్ర గ్రంథం ఆయన కంటబడింది. అటువంటిది తన ప్రజలకూ కావాలన్న కోరిక ఆయనలో కలిగింది. యుద్ధం ముగిసి స్వదేశానికి మంచిరోజులు వచ్చినప్పుడు శిథిలమైన బడులను తిరిగి కట్టుకోవాలి. అందుకొక ప్రణాళిక సిద్ధంగా ఉండాలన్నది ఆయన భావన. అయితే అదే సంవత్సరం వెలువడిన రాజశాసనం కాథలిక్ మతాన్ని అంగీకరించనివారికి దేశంలో నిలువనీడ లేకుండా చేసింది. 1628 ఫిబ్రవరిలో కొమేనియస్ తనవారితో కలిసి పోలండ్‌లోని లెష్నో పట్టణానికి వలసపోయాడు. మళ్ళీ జన్మభూమిలో నివసించే యోగం ఆయనకు కలుగలేదు.

లెష్నో పాఠశాలలో ఉపాధ్యాయ వృత్తి చేపట్టిన కొమేనియస్ తన ఆలోచనలకు గ్రంథరూపం ఇచ్చాడు. మొదట చెక్ భాషలో రాసి, పిమ్మట లాటిన్‌లోకి మార్చిన ఆ మహాగ్రంథం 'డిడాక్టికా మాగ్నా'. బోధనాశాస్త్ర చరిత్రలో దానికి విశిష్టస్థానం ఉంది. చదువు ధనికులకే కాదు, పేదలకూ కావాలి. బాలురకే కాదు, బాలికలకూ కావాలి అన్నది అందులోని మూలసూత్రం. పక్షి వసంతంలో గుడ్లు పెట్టినట్లుగా, తోటమాలి అదను చూసి మొక్క నాటినట్లుగా, బోధన కూడా ప్రకృతి క్రమాన్ని అనుసరించాలని ఆయన ప్రతిపాదించాడు. ఆరేళ్ళ వరకు తల్లి ఒడి బడి. పన్నెండేళ్ళ వరకు మాతృభాషలో చదువు. ఆ తరువాతే లాటిన్ పాఠశాల, ఆపై విశ్వవిద్యాలయం. దినానికి నాలుగు గంటల బోధన చాలునన్నాడు. పాఠం రాలేదని విద్యార్థిని కొట్టడం తగదన్నాడు. విద్యార్థికి చదువుపై విముఖత కలిగితే ఆ దోషం బోధకునిదేనని ఆయన విశ్వాసం.

సిద్ధాంతం చెప్పి ఊరుకునే స్వభావం కాదు ఆయనది. 1631లో 'జనువా లింగువారమ్ రెసెరాటా' అనే పాఠ్యగ్రంథాన్ని ప్రకటించాడు. తెరచిన భాషాద్వారం అని దాని పేరుకు అర్థం. స్పెయిన్‌లోని సలమాంకాలో ఐర్లండ్ దేశపు జెస్యూట్ మతాచార్యులు 1611లో ప్రకటించిన ఒక పుస్తకం ఆయనకు ప్రేరణ. తనను దేశం నుండి వెళ్ళగొట్టింది కాథలిక్ ప్రభుత్వమే అయినా, ఆ మతస్థుల నుండి ఈ ఆలోచనను గ్రహించినట్లు ఆయన దాచకుండా చెప్పుకున్నాడు. విద్య విషయంలో ఆయనకు స్వపరభేదం లేదు.

జనువా గ్రంథంలో 100 అధ్యాయాలు, 1,000 వాక్యాలు, సుమారు 8,000 పదాలు ఉన్నాయి. ఒక్కొక్క అధ్యాయం లోకంలోని ఒక్కొక్క విషయాన్ని వివరిస్తుంది. నిప్పు, నీరు, చెట్టుచేమలు, పశుపక్ష్యాదులు, మానవ శరీరం, వృత్తులు, గృహం, రాజ్యం – ఈ వరుసలో సమస్త ప్రపంచం విద్యార్థి కళ్ళముందు నిలుస్తుంది. లాటిన్ వాక్యం పక్కనే దాని అర్థం మాతృభాషలో ఉంటుంది. వాక్యాలు చిన్నవిగా మొదలై క్రమంగా పెరుగుతాయి. భాషను నేర్చుకుంటూనే విద్యార్థి లోకజ్ఞానాన్నీ సంపాదిస్తాడు. పదమూ వస్తువూ జంటగా సాగాలన్నదే ఆయన బోధనకు ప్రాణం.

ఈ గ్రంథం ఆయనే ఊహించనంతగా ఆదరణ పొందింది. అనతికాలంలోనే పలు ఐరోపా భాషలలోకి అనువాదమైంది. అయితే అది నిర్దుష్టమేమీ కాదు. ఒక్కొక్క పదం దాదాపు ఒకేసారి వచ్చేటట్లు కూర్చడం వల్ల పిల్లలు దానిని మరచిపోయే అవకాశం ఎక్కువ. చిన్నవారికి అది భారమని ఆయనే గుర్తించి, 1633లో సుమారు వేయి పదాలతో 'వెస్టిబులుమ్' అనే మరింత చిన్న పుస్తకం ప్రకటించాడు. వెస్టిబులుమ్ అంటే వసారా. ఆ తరువాతి మెట్టుకు 'ఆట్రియమ్', అంటే చావడి, అని పేరు పెట్టాడు. వసారా ఎక్కి, ద్వారం దాటి, చావడిలో ప్రవేశించినట్లుగా బాలుడు లాటిన్ అనే గృహంలోకి ఒక్కొక్క అడుగే వేస్తూ సాగాలన్నది ఆయన యోచన. పిల్లవానికి అడ్డుగోడగా నిలిచిన భాషను ఆయన ఈ విధంగా ఆహ్వానించే ఇల్లుగా మార్చాడు.

ప్రాచీన లోకాన్ని పిల్లలకు పరిచయం చేయడంలోనూ ఆయనది ప్రత్యేకమైన మార్గం. గ్రీకు, రోమన్ కవుల రచనలన్నింటినీ పసివారి చేతిలో పెట్టడం ఆయనకు ఇష్టం లేదు. వాటిలోని శృంగారం, పరిహాసం బాలలకు తగవని ఒక మతాచార్యునిగా ఆయన శంకించాడు. కానీ ఆ లోకపు జ్ఞానులను మాత్రం పిల్లలకు దగ్గర చేశాడు. సంపదను తృణప్రాయంగా ఎంచిన గ్రీకు తాత్త్వికుడు డయోజనీస్ జీవితాన్ని నాటకంగా రచించి 1640లో లెష్నో విద్యార్థులచేత ప్రదర్శింపజేశాడు. పుస్తకంలో అక్షరాలుగా మిగిలిన ప్రాచీనుడు పిల్లల నోట మాటలై, వారి నడకలో నడకై రంగస్థలం మీదికి వచ్చాడు.

కొమేనియస్ మనసు మాత్రం అంతకంటె పెద్ద స్వప్నం మీద లగ్నమై ఉండేది. సకల జ్ఞానాన్ని ఒక్కచోట చేర్చి మానవులందరికీ పంచితే కలహాలు తొలగి లోకంలో శాంతి నెలకొంటుందని ఆయన నమ్మాడు. ఆ విద్యకు సర్వజ్ఞానమనే అర్థం వచ్చేటట్లు పాన్సోఫియా అని పేరు. దీనిని విని ముగ్ధులైన మిత్రులు 1641లో ఆయనను లండన్‌కు ఆహ్వానించారు. అంతలో ఇంగ్లండులో అంతర్యుద్ధపు మేఘాలు కమ్ముకోవడంతో మరుసటి ఏడు ఆయన తిరుగు ప్రయాణం కట్టాడు. హాలండులో సుప్రసిద్ధ తత్త్వవేత్త డెకార్ట్‌ను కలుసుకుని కొన్ని గంటలపాటు చర్చించాడు. అనంతరం స్వీడన్ ప్రభుత్వం తమ బడులకు లాటిన్ పాఠ్యగ్రంథాలు రాయవలసిందిగా ఆయనను కోరింది. సంపన్న వర్తకుడు లూయీ ద యేర్ పోషణలో ఎల్బింగ్ పట్టణంలో ఆరేళ్ళు ఆయన ఆ పనిలో నిమగ్నుడైనాడు.

ఆ ఆరేళ్ళూ ఆయనను ఒక సంఘర్షణ వేధించింది. మహత్తర స్వప్నాన్ని విడిచి పిల్లల వాచకాల మీద కాలం వెచ్చిస్తున్నాడని ఇంగ్లండు మిత్రులు నిష్ఠూరమాడారు. ఒప్పుకున్న వాచకాలు ఆలస్యమవుతున్నాయని పోషకులు తొందరపెట్టారు. పదాలు ఏరడం, పట్టికలు కూర్చడం ఆయనకూ విసుగు పుట్టించేవి. అయినా చేపట్టిన పనిని అసంపూర్తిగా వదలలేదు. స్వీడన్ కోసం శ్రమించడంలో ఆయనకొక ఆశ ఉండేది. యుద్ధంలో ఆ రాజ్యం గెలిస్తే తన ప్రజలకు స్వదేశం తిరిగి లభిస్తుందని ఎదురుచూశాడు. 1648లో సంధి కుదిరింది. యుద్ధం ముగిసింది. కానీ ఆ సంధిలో చెక్ ప్రవాసులకు చోటు లేదు. అదే సంవత్సరం రెండవ భార్య డొరోతా కూడా మరణించింది. సోదర సంఘం ఆయనను తన బిషప్పుగా ఎన్నుకుంది. ఇల్లు లేని సంఘానికి ఇల్లు లేని పెద్ద ఆయన. మరుసటి సంవత్సరం ఆయన యానా అనే ఆమెను వివాహమాడాడు.

1650లో హంగరీ దేశపు షారోష్‌పటక్ నుండి ఆహ్వానం వచ్చింది. అక్కడి రాకుమారుని వితంతువు జుజానా లొరాంట్‌ఫీ తన పాఠశాలను సంస్కరించవలసిందిగా ఆయనను కోరింది. ఏడు తరగతులతో ఆదర్శ పాఠశాలను నిర్మించాలని కొమేనియస్ ప్రణాళిక సిద్ధం చేశాడు. మూడు తరగతులను మాత్రమే నెలకొల్పగలిగాడు. పాత అలవాట్లకు కట్టుబడిన కొందరు ఉపాధ్యాయులు ఆయనకు సహకరించలేదు. పిల్లలలో లాటిన్ మీద ఆసక్తి సన్నగిల్లడం గమనించి, ఆయన జనువా గ్రంథంలోని విషయాన్ని ఎనిమిది నాటకాలుగా మలిచాడు. దానికి 'స్కోలా లూడుస్' అని పేరు. బడియే ఆట అని భావం.

ఆ నాటకాలలో ప్రాచీన ఈజిప్టును ఏలిన టాలమీ రాజు కొలువుతీరి ఉంటాడు. ప్లేటో, ఎరటోస్తనీస్, ప్లీనీ వంటి జ్ఞానులు ఆయన సరసన ఆసీనులై ఉంటారు. వీరు నిజానికి వేర్వేరు కాలాలకు చెందినవారు. పిల్లలకోసం కొమేనియస్ వారిని ఒక్క సభలో కూర్చోబెట్టాడు. వారి ఎదుటికి పాత్రధారులైన విద్యార్థులు ఒక్కొక్కరే వచ్చి ప్రకృతిని గురించి, వృత్తులను గురించి, విద్యలను గురించి లాటిన్‌లో వివరిస్తారు. నాటకాల వల్ల కాలం వృథా అవుతుందని, బడి మర్యాద చెడుతుందని తోటి ఉపాధ్యాయులు మొదట అభ్యంతరం చెప్పారు. కానీ ప్రదర్శన చూసిన పెద్దలు, తల్లిదండ్రులు ఎంతగానో ఆనందించారు. బెత్తానికి పలకని నోళ్ళు వేషం కట్టేసరికి అనర్గళంగా పలికాయి.

షారోష్‌పటక్‌లోనే ఆయన మేధ నుండి మరొక అపూర్వమైన పుస్తకం రూపుదిద్దుకుంది. వాక్యం ఎంత చిన్నదైనా, అర్థం పక్కనే ఉన్నా, పసివాని మనసు అక్షరం మీద నిలవడం కష్టం. కన్ను చూసినదే మనసులో నిలుస్తుంది. అందువల్ల పాఠానికొక బొమ్మ ఉండాలని ఆయన నిశ్చయించాడు. ఆ బొమ్మలు చెక్కగల నిపుణుడు అక్కడ దొరకలేదు. రాతప్రతిని జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరానికి పంపవలసి వచ్చింది. ఏళ్ళ నిరీక్షణ అనంతరం 1658లో మిఖాయెల్ ఎండ్టర్ ముద్రణాలయం నుండి 'ఓర్బిస్ సెన్సువాలియమ్ పిక్టుస్' వెలువడింది. ఇంద్రియగోచర ప్రపంచపు చిత్రమాలిక అని దాని పేరుకు తాత్పర్యం.

అందులో సుమారు 150 పాఠాలు, పాఠానికొక కొయ్యచెక్కడపు బొమ్మ ఉన్నాయి. ఒక గురువు బాలుణ్ణి వివేకం నేర్వడానికి ఆహ్వానించడంతో పుస్తకం ప్రారంభమవుతుంది. పిమ్మట అక్షరమాల. అక్కడ అక్షరాలు సూత్రాలుగా రావు. లోకంలోని ధ్వనులుగా వస్తాయి. కాకి అరుపు ఒక అక్షరం, గొఱ్ఱెపిల్ల అరుపు ఒక అక్షరం, గాలి వీచే సవ్వడి ఒక అక్షరం, పాము బుస మరొక అక్షరం. చదవడం రాని పిల్లవాడు కూడా ఆ ధ్వనులను అనుకరిస్తూ నవ్వుతూనే అక్షరాలను పట్టుకుంటాడు.

తరువాతి పాఠాలలో ఆకాశం, మేఘం, ధాన్యం, పువ్వు, పక్షి, చేప వరుసగా దర్శనమిస్తాయి. రొట్టెలు కాల్చేవాడు, నేతగాడు, వడ్రంగి, కుమ్మరి, ముద్రాపకుడు తమతమ పనిముట్లతో కనిపిస్తారు. బొమ్మలోని ప్రతి వస్తువుకూ ఒక అంకె ఉంటుంది. కింది వాక్యంలో ఆ వస్తువు పేరు పక్కన అదే అంకె ఉంటుంది. ఒక వైపు లాటిన్, మరొక వైపు జర్మన్. బాలుడు వాక్యం నుండి బొమ్మకు, బొమ్మ నుండి వాక్యానికి చూపు సారిస్తూ తనంతట తానే అర్థం గ్రహిస్తాడు. కంటికి కనబడని ఆత్మను సైతం మానవాకృతిలో పేర్చిన చుక్కలతో చిత్రించి చూపారు. ప్రాచీనుల మతాన్ని వివరించే పాఠంలో జూపిటర్, నెప్ట్యూన్, అపోలో, మినర్వా మొదలైన రోమన్ దేవతలు బొమ్మలై కొలువుదీరారు.

ఈ పుస్తకాన్ని బడిలో చేరకముందే పిల్లల చేతికివ్వాలని కొమేనియస్ సూచించాడు. బొమ్మలు చూసి సంతోషించనివ్వాలి. వాటిని చూచి గీయనివ్వాలి. బొమ్మలో చూపలేని రంగు, రుచి వంటివాటికి నిజమైన వస్తువునే చూపించాలి. జ్ఞానమనే తోటలో పిల్లలను భయపెట్టే దిష్టిబొమ్మలను తొలగించడమే తన ఉద్దేశమని ఆయన భావించాడు. మరుసటి సంవత్సరమే ఇంగ్లండు ఉపాధ్యాయుడు ఛార్ల్స్ హూల్ దానిని ఆంగ్లంలోకి అనువదించాడు.

ఆ పుస్తకం అచ్చులో ఉండగానే కొమేనియస్ జీవితంలో మరొక విషాదం సంభవించింది. 1654లో ఆయన లెష్నోకు తిరిగివచ్చాడు. మరుసటి ఏడు స్వీడన్ సేనలు పోలండ్ మీద దండెత్తినప్పుడు స్వీడన్ రాజును ప్రశంసిస్తూ ఒక రచన చేశాడు. తనకు, తనవారికి ఆశ్రయమిచ్చిన దేశంలో ఉండి ఆ పని చేయడం వివేకం కాదు. రాబోయే కాలాన్ని చెప్పగలమన్న కొందరి జోస్యాలను నమ్మడం కూడా ఆయన బలహీనతలలో ఒకటి. 1656 ఏప్రిల్‌లో పోలండ్ సేనలు లెష్నోను తగులబెట్టాయి. కొమేనియస్ కుటుంబం కట్టుబట్టలతో బయటపడింది. హెర్బోర్న్‌లో మొదలుపెట్టి నలభై ఏళ్ళకు పైగా కూర్చిన చెక్ నిఘంటువు రాతప్రతి బూడిదైపోయింది. భార్యాబిడ్డల మరణాన్ని దిగమింగుకున్న ఆ మనిషి, బ్రతికినంతకాలం ఈ నష్టానికి దుఃఖించాడు.

అరవై నాలుగేళ్ళ వయసులో ఆయన ఆమ్‌స్టర్‌డామ్ చేరుకున్నాడు. పూర్వ పోషకుని కుమారుడు లారెన్స్ ద యేర్ ఆశ్రయమిచ్చాడు. ఆ నగరంలోనే ఆయన బోధనాగ్రంథాలన్నీ ఒక బృహత్సంపుటంగా అచ్చయ్యాయి. డిడాక్టికా మాగ్నా 1657లో మొదటిసారిగా లాటిన్‌లో లోకానికి అందింది. మానవ వ్యవహారాల సంస్కరణను గురించి ఏడు భాగాలుగా తలపెట్టిన మహాగ్రంథాన్ని మాత్రం ఆయన పూర్తిగా ముద్రించలేకపోయాడు. పుట్టుక నుండి మరణం దాకా జీవితమంతా బడియేనన్న భావనను అందులో విశదీకరించాడు. 1670 నవంబరు 15న ఆమ్‌స్టర్‌డామ్‌లో కొమేనియస్ తుదిశ్వాస విడిచాడు. సమీపంలోని నార్డెన్ పట్టణంలో ఆయనను సమాధి చేశారు.

ఆయన తన జీవితసారంగా భావించిన ఆ మహాగ్రంథపు రాతప్రతి రెండున్నర శతాబ్దాలకు పైగా మరుగున పడి, 1930ల మధ్యకాలంలో జర్మనీలోని హాలె నగరంలో బయటపడింది. 1966లో గాని సంపూర్ణంగా అచ్చుకాలేదు. ఆయన విసుగుతోనే అయినా విడువకుండా కూర్చిన బాలల వాచకాలు మాత్రం రెండు శతాబ్దాలకు పైగా ఇంటింటా నిలిచాయి. 1749లో జన్మించిన జర్మన్ మహాకవి గేథే తన చిన్నతనంలో పిల్లలకోసం రాసిన పుస్తకం ఈ బొమ్మల పుస్తకం తప్ప మరొకటి ఎరుగనని స్మరించుకున్నాడు. మహాస్వప్నం నిద్రిస్తున్నంతకాలమూ చిన్న పుస్తకం మేలుకొని పనిచేసింది.

1957లో యునెస్కో సంస్థ ఆయన రచనల సంకలనాన్ని ప్రచురించింది. ప్రసిద్ధ మనోవిజ్ఞానవేత్త జీన్ పియాజే దానికి ఉపోద్ఘాతం రాశాడు. ఆయన జన్మదినమైన మార్చి 28ని చెక్, స్లోవాక్ దేశాలలో ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకొంటారు. చెక్ దేశపు 200 కోరునాల నోటు మీద ఒక వైపు ఆయన ముఖచిత్రం ఉంది. రెండవ వైపు ఒక పెద్దవారి చేయి, ఒక పసిబిడ్డ చేయి కలిసే బొమ్మ ఉంది.

లాటిన్ ఇప్పుడు ఐరోపాలో విద్యకు ఏకైక ద్వారం కాదు. అయినా కొమేనియస్ వేసిన బాట చెరగలేదు. పదంతోపాటు వస్తువును చూపడం, తెలిసిన భాష నుండి తెలియని భాషకు నడిపించడం, ఆటను పాఠానికి తోడు చేయడం నేడు లోకమంతటా సహజమైన బోధనాపద్ధతులు. బొమ్మల వాచకం చేతబట్టి అక్షరాలు నేర్చిన ప్రతి బిడ్డా, తెలియకుండానే, ఇల్లు లేని ఆ బాటసారి తెరచి ఉంచిన ద్వారం గుండా నడిచినట్లే.